దొంగ కొమ్మ

పెన్సిలంత లావు చాలు.
మరీ ముదురు వద్దు, మరీ లేత వద్దు.
గోటితో గీరితే తోలు కింద పచ్చగా మెరవాలి.
కింద కోత ఏటవాలుగా, కణుపుకి దిగువన.
పైన కోత తిన్నగా.
ఎందుకంటే ఆకులన్నీ దూసేశాక
ఏది తలో ఏది కాళ్లో
కొమ్మకి తెలుసు గాని మనకి తెలీదు.

నాకిది ఎవరూ నేర్పలేదు.
గుణుపురం స్టేషన్లో ఇడ్లీ బుట్ట ముందేసుకుని
చిన్న బండి కోసం కూర్చున్న ఇరవై రెండేళ్లలో
బండి ఆలస్యమైన గంటలన్నీ కూడితే
ఒక చదువైంది.

మాస్టారి క్వార్టర్స్ ముందు ముద్దమందారం.
ఎరుపు కాదు.
మజ్జిగలో చిటికెడు పసుపు జారిపడితే ఎలాగుంటాదో
అలాంటి రంగు. నడిమధ్యన
వక్క నమిలిన నోరు.
మాస్టారి భార్య సౌదామినమ్మ
పొద్దున్నే గుమ్మంలో నిలబడి పూలు లెక్కపెట్టేది,
ఒడియాలో, వేళ్లు మడిచి.
అడిగితే ఇచ్చేదేమో.
నేనడగలేదు.
అడిగి తెచ్చిన కొమ్మ ఎండిపోతాది,
ఎత్తుకొచ్చిన కొమ్మ కొంప నింపుతాది అనేది మా అత్త.

ఆఖరి చిన్న బండి వెళ్లిన రోజు
ఊరంతా ఇంజనుకి దండలేసింది.
కొబ్బరికాయలు, ఫొటోలు, పిల్లల ఈలలు.
అందరి కళ్లూ పొగ మీద.
నా చేతిలో అరిటాకులు కోసే బ్లేడు.
మూడు కొమ్మలు.
ఇడ్లీ గుడ్డ తడిపి చుట్టి, బుట్ట అడుగున పెట్టి
నేనూ నిలబడి చెయ్యూపాను.

వంశధార ఇసుక రెండు వంతులు, ఎర్రమన్ను ఒకటి.
పగిలిన కుండ, పైన పాల కవరు గొడుగు.
మొదటిది వారం తిరక్కుండా నల్లబడింది.
రెండోది ఎనిమిదో రోజుకే చిగురేసింది.
వీధి వీధంతా చెప్పుకున్నాను.
పన్నెండో రోజున తల వాల్చేసింది.
పీకి చూస్తే అడుగున వేరన్నదే లేదు.
ఒంట్లో దాచుకున్నదంతా ఖర్చుపెట్టి
నాకోసం నవ్విందంతే.
అప్పట్నుంచి బేగి వచ్చిన చిగురంటే నాకు భయం.

మూడోది పుల్లలా ఉండిపోయింది.
ఆకు లేదు, మొగ్గ లేదు, చచ్చిన ఆనవాలూ లేదు.
చెయ్యి దురదపెట్టేది, లాగి చూద్దామని.
చెయ్యి మీద నేనే కొట్టుకున్నాను.
నలభయ్యో రోజున, వానలో,
రెండు వేళ్లతో ఇంతే ఇంత కదిపితే
అది నన్ను తిరిగి పట్టుకుంది.

పెద్ద లైనుకి క్వార్టర్స్ కూలగొట్టారు.
ఆ చెట్టున్న చోట ఇప్పుడు కంకర.

మొన్న రాయగడ నుంచి ఎవరో ఆడపిల్ల,
బ్యాంకు పనట, స్కూటీ ఆపి
నా గోడ మీంచి చూస్తూ నిలబడిపోయింది.
మాస్టారి కూతురు ఝునూ.
రెండు జడల గుంట, రెండిడ్లీలకి మూడు చట్నీలడిగేది.
"డాళటిఏ దిఅ, మాఉసీ."
ఒక కొమ్మ ఇమ్మని.
మందారానికి మాత్రం రెండు భాషల్లోనూ మందారమే,
పేరడగాల్సిన పని లేదు.

నేను నోరు తెరవకముందే తనే చెప్పింది:
"ఆ రోజు అమ్మ లెక్కపెట్టింది.
మూడు కొమ్మలు తక్కువంది.
ఎవరో గాని, కోత మాత్రం బాగుందంది."

కాసేపు నాకు మాట రాలేదు.
తర్వాత, ఇవ్వనన్నాను.
పిల్ల మొహం చిన్నబోయింది.
కిటికీ మీద బ్లేడుంది, అన్నాను.
పొయ్యి మీద పప్పుంది, అది చూసుకుని
ఎప్పటికొస్తానో చెప్పలేను, అన్నాను.

పొయ్యి మీద ఏమీ లేదు.
చల్లారిన వంటింట్లో తలుపు చాటున నిలబడి విన్నాను.
టిక్.
టిక్.
మూడోది కొంచెం ఆలస్యంగా.
కణుపుకి దిగువన కొయ్యవే, అని అరవబోయి
దొంగకి ఎవరైనా చెప్తారా అని
నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.